గండిపేట నీళ్ళు – ఎగువ ఊళ్ళ బాకీ

గండిపేట నీళ్ళు ఒకసారి తాగినవాడు హైదరాబాదు విడిచి పోలేడని మా ఊళ్ళో ఒక నానుడి ఉంది. చిన్నతనంలో ఆ మాట విన్నప్పుడల్లా ఛాతీ కాస్త పొంగేది. ఆసిఫ్‌నగరు ఫిల్టరు బెడ్లకు కూతవేటు దూరంలో పెరిగినవాణ్ణి. తెల్లవారుజామున నల్లా కింద బిందె పెట్టి, ఆ మొదటి ధార చప్పుడు వింటూ మళ్ళీ కునుకు తీసిన రోజులు ఇప్పటికీ గుర్తే. ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుసుననే అనుకునేవాణ్ణి: గండిపేట నుంచి. మరి గండిపేటకు ఎక్కడినుంచి వస్తున్నాయన్న ప్రశ్న నాకు ముప్పయ్యేళ్ళు దాటేదాకా తట్టలేదు. తట్టేలా చేసినవాడు మా చిన్నాయన.

ఆయనకు హిమాయత్‌సాగరుకు ఎగువన ఒక ఊళ్ళో నాలుగెకరాల పొలం ఉండేది. కూతురి పెళ్ళికి అందులో రెండెకరాలు అమ్మజూపితే, వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట అన్నారట: "ఇది ట్రిపుల్ వన్ భూమి, ఇక్కడ ఏమీ కట్టరాదు". అవతల, గీత దాటిన ఊళ్ళో పలికిన ధరలో మూడోవంతు కూడా చేతికి రాలేదు. ఆ పెళ్ళిలోనే నేను నా చదువంతా ప్రదర్శిస్తూ, నగరానికి తాగునీరు ముఖ్యం కదా, ఆ జీవో ఎంత మంచిదో తెలుసా అని ఆయనకు హితవు చెప్పబోయాను. ఆయన కోప్పడలేదు. "మీరు సల్లగ నీళ్ళు తాగాలెనని మా భూమిని పండబెట్టిండ్రు బిడ్డా. మంచిదే. గని మమ్మల్ని అడిగినోళ్ళు లేరు, ఇగో మీ వంతు అని ఇచ్చినోళ్ళు లేరు," అని పనిలోకి వెళ్ళిపోయాడు.

ఆ మాటకు ఆనాడు నావద్ద జవాబు లేదు. దొరుకుతుందేమోనని అప్పటినుంచి చదువుతూ వచ్చిన సంగతులే ఈ టపా.

*

కథ 1908 సెప్టెంబరు 28న మొదలవుతుంది. ఆ రోజు మూసీ నది హైదరాబాదును ముంచెత్తింది. మృతుల సంఖ్య సుమారు 15,000 అని సాధారణంగా చెబుతారు. ఉర్దూ రుబాయీలకు పేరుపడ్డ అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నాడు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికి బయటపడ్డారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును పెద్దలు ఈ తరానికీ చూపించారు.

మరుసటి ఏడు, అంటే 1909లో, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. అప్పుడే బొంబాయి ప్రభుత్వ కొలువునుంచి తప్పుకున్న ఆ ఇంజనీరు ముందుగా చేసిన పని నదిని చూడటం కాదు, నదికి పైనున్న నేలను చూడటం. ఆయన తన జ్ఞాపకాల గ్రంథంలో రాసుకున్న లెక్క నన్ను చాలాకాలం వెంటాడింది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నాయి. ఇంచుమించు చదరపు మైలుకు ఒకటి. ఆ వానకు వాటిలో 221 తెగిపోయాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు తెగితే కిందచెరువు ఆగదు. ఒక్కొక్క కట్టా తెగి, ఆ నీళ్ళన్నీ కలిసి ఒక్కసారిగా నగరం మీద పడ్డాయి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. వరద నగరంలో వచ్చింది. దాని మూలం మాత్రం నగరంలో లేదు. అది ఎగువ ఊళ్ళ కట్టల్లో, తూముల్లో, అలుగుల్లో ఉంది. నగరపు ప్రాణం ఎగువ పల్లెల నేలతో ముడిపడి ఉందన్న సంగతి మనకు ఆ రోజే తెలిసింది. తెలిసిన దాన్ని ఎంతకాలం గుర్తుపెట్టుకున్నామన్నదే తరవాతి చరిత్ర అంతా.

విశ్వేశ్వరయ్య సలహా మీద మూసీకి అడ్డంగా గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగరు 1920 నాటికీ, ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగరు 1927 నాటికీ పూర్తయ్యాయి. ఒకదానికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు, రెండవదానికి ఆయన పెద్దకొడుకు పేరు. ఉస్మాన్‌సాగరు సుమారు 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగరు సుమారు 3 టీఎంసీలు పట్టే జలాశయాలు. మూసీ వికారాబాదు వద్ద అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుగా వస్తుంది. ఈ రెండు ఏర్లూ జలాశయాలు దాటాక లంగర్‌హౌజ్ వద్ద కలుస్తాయి. 1948లో గాంధీజీ చితాభస్మాన్ని కలిపింది ఆ సంగమంలోనే; అందుకే అది బాపూఘాట్ అయింది.

ఈ జలాశయాల మొదటి ప్రయోజనం వరద నివారణ. రెండవది తాగునీరు. క్రమం ముఖ్యం కనుక నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే వందేళ్ళలో జనం మొదటిదాన్ని పూర్తిగా మరిచిపోయారు. తాగునీటి విషయంలోనూ ఒక సొగసు ఉంది. చెరువు ఎత్తున ఉంది, నగరం పల్లంలో ఉంది. నీళ్ళు వాటంతట అవే కాలువ వెంట ఆసిఫ్‌నగరు దాకా నడిచి వచ్చేవి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. నేను వింటూ కునుకు తీసిన ఆ ధార వెనుక ఉన్నది భూమ్యాకర్షణ మాత్రమే.

*

నగరం పెరిగింది. 1965లో మంజీరా నీళ్ళు వచ్చాయి, తరవాత సింగూరు, 2004 నుంచి కృష్ణ, 2015 నుంచి గోదావరి. కృష్ణా గోదావరులను నూరు కిలోమీటర్లకు మించిన దూరం నుంచి, మెట్టు మెట్టుగా పైకి ఎత్తిపోసి తేవాలి. దాపున ఉన్న నీటి విలువ ఇలాంటప్పుడే తెలియాలి. తెలిసిందా అంటే, 1980ల చివర కొంత తెలిసింది. 1989లో మెట్రో జలమండలి ఏర్పడింది. ఆ ఏడే జంట జలాశయాల నీటి నాణ్యత కాపాడే మార్గాలు సూచించడానికి ఒక సాంకేతిక సంఘాన్ని వేశారు. దాని సిఫారసుల ఫలితంగా 1994 మార్చి 31న జీవో 192, దాన్ని సవరించి విస్తరిస్తూ 1996 మార్చి 8న పురపాలక శాఖ జీవో 111 వెలువడ్డాయి.

జీవో 111 పేరు వినని హైదరాబాదీ ఉండడు. చదివినవాళ్ళు మాత్రం తక్కువ. దాని సారం క్లుప్తంగా చెబుతాను. జలాశయాల పూర్తి నిల్వ మట్టం నుంచి 10 కిలోమీటర్ల దాకా పరీవాహక ప్రాంతంలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు, కాలుష్యం కలిగించే ఇతర నిర్మాణాలు నిషేధం. పరిశ్రమల నిషేధం ఎగువకే కాదు, దిగువకూ వర్తిస్తుంది. పొగలోంచి గాలి ద్వారా వచ్చే ఆమ్లం కూడా చెరువును చెడగొడుతుందని. లేఅవుటు వేస్తే అందులో 60 శాతం ఖాళీ స్థలాలకూ రోడ్లకూ వదలాలి. మొత్తం నేలలో 90 శాతం వ్యవసాయం, తోటల పెంపకం వంటి వాటికే ఉండాలి. జలమండలి చెరువుల నీటిని క్రమం తప్పకుండా పరీక్షిస్తూ ఉండాలి. అనుబంధంలో 84 గ్రామాల జాబితా. శంషాబాదు, రాజేంద్రనగరు, మొయినాబాదు, చేవెళ్ళ, శంకరపల్లి, షాబాదు వైపు ఊళ్ళు. మొత్తం సుమారు 1 లక్షా 32 వేల ఎకరాలు.

కాగితం మీద చూస్తే, మన దేశంలో ఒక నగరం తన నీటి మూలాన్ని కాపాడుకోవడానికి రాసుకున్న నిబంధనల్లో ఇంత దూరదృష్టి ఉన్నవి అరుదు. చెరువును కాపాడాలంటే కట్టనో నీటినో కాపాడితే చాలదు, వాన పడే నేలను కాపాడాలి అన్న సూత్రం అందులో ఉంది. దాని నీడలోనే చిలుకూరు వద్ద మృగవని జింకలు బతికాయి. అది జాతీయ ఉద్యానమైంది. బీజాపూరు రోడ్డు వెంట చేవెళ్ళ వైపు తొమ్మిది వందల దాకా పాత మర్రిచెట్లు లెక్కతేలాయి. చలికాలంలో చెరువుల అంచున వలస పక్షులు దిగేవి. నెమళ్ళు, కౌజులు పొలంగట్ల మీద తిరిగేవి. వీటిలో ఏదీ జీవో ఉద్దేశం కాదు. నీటి కోసం నేలను వదిలితే, ఆ నేలమీద బతికేవి వాటంతట అవే బతికాయి.

*

జీవో వచ్చిన ఏడాదికే దానికి మొదటి పరీక్ష ఎదురైంది. ఆముదం నుంచి రసాయన ఉత్పత్తులు తీసే ఒక పరిశ్రమను శంషాబాదు మండలంలో, నిషేధిత పరిధిలో పెట్టదలచారు. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. చిత్రమేమిటంటే, గీత గీసిన ప్రభుత్వమే 1997 జులై 3న జీవో 153 ద్వారా ఆ ఒక్క పరిశ్రమకు మినహాయింపునిచ్చింది. అప్పిలేట్ అథారిటీ కూడా పరిశ్రమ వైపే తీర్పు చెప్పింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది.

1999 జనవరి 27న ఒకటి, 2000 డిసెంబరు 1న ఒకటి, రెండు తీర్పులు వచ్చాయి. రెంటిలోనూ మన తెలుగువాడైన న్యాయమూర్తి మామిడన్న జగన్నాథరావుగారున్నారు. మొదటి తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చర్చించింది: హాని జరగదని నిరూపించవలసిన భారం కట్టదలచినవాడిది, జరుగుతుందని నిరూపించే భారం నీళ్ళు తాగేవాడిది కాదు. రెండవ తీర్పు ఆ మినహాయింపును చెల్లదన్నది. లక్షలమంది తాగే నీటి విషయంలో ప్రభుత్వం సాధారణ నిషేధం విధించాక, ఏవో జాగ్రత్తలు తీసుకుంటామన్నారు కదా అని ఒకరికి మాత్రం తలుపు తీయడం కుదరదని దాని తాత్పర్యం. పర్యావరణ న్యాయశాస్త్రం చదివే విద్యార్థులు దేశమంతటా ఈ కేసు చదువుతారు. మన గండిపేట నీళ్ళు అలా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి.

కోర్టులో గీత గెలిచింది. నేలమీద మాత్రం ఓడుతూ వచ్చింది. అడ్డదారి అందరికీ కనబడుతూనే ఉండేది. కాలనీ కట్టరాదు కాని, పొలంలో కాపలా ఇల్లు కట్టుకోవచ్చు కదా. కాపలా ఇల్లు ఫామ్‌హౌసయింది, దానికి ఈతకొలను వచ్చింది, చుట్టూ ఎత్తైన ప్రహరీ లేచింది. ఆ ప్రహరీలు ఒర్రెలకు అడ్డంగా నిలిచి చెరువుకు చేరవలసిన వాననీటిని దారి మళ్ళించాయి. కళ్యాణ మండపాలూ, కళాశాలలూ, అనుమతి లేని లేఅవుట్లూ వెలిశాయి. నిబంధన ఎవరిమీద గట్టిగా పనిచేసిందో చూడండి. నాలుగెకరాల రైతు తన భూమికి ధర రాక చవకగా అమ్ముకున్నాడు. కొన్నవాడు ఫామ్‌హౌసు కట్టుకున్నాడు. నిషేధం వల్ల దిగిన ధర ఒకరి నష్టం. అదే ధర మరొకరికి బేరం.

చిన్నాయన మాటలోని రెండో సగం నాకు అప్పుడు అర్థమైంది. అడిగినవారు లేరన్నాడాయన. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలులో చిన్ననీటి వనరులు, నీటి నిర్వహణ, పరీవాహక ప్రాంతాల అభివృద్ధి పంచాయతీలకు అప్పగించదగిన అంశాలని స్పష్టంగా ఉంది. చెరువు ఎవరికి తెలుస్తుంది? దాని శిఖంలో పశువులు మేపుకున్నవాడికి, తూము ఎత్తిన నీరటికాడికి. కాపలా కాయవలసిన ఊరివాళ్ళ దృష్టిలో ఈ జీవో తమ భూమిమీద ఎవరో వేసిన శిక్షగానే మిగిలిపోయింది. తనకు శిక్షగా తోచిన నిబంధనకు ఎవడూ కాపలా కాయడు.

*

ఇదే కాలంలో, ఇదే సమస్యకు మరో నగరం వేసిన లెక్క ఒకటి చెప్పాలి. న్యూయార్కు నగరం తాగే నీటిలో ఎక్కువ భాగం నూరు మైళ్ళకు పైగా దూరాన ఉన్న క్యాట్‌స్కిల్ కొండల నుంచి, మన గండిపేట నీళ్ళలాగే వాలువెంట వస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ జలాశయాల కోసం ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. ఆ కసి అక్కడి పల్లెల్లో తరాలు గడిచినా పోలేదు. 1990లలో కేంద్రప్రభుత్వ నిబంధనల వల్ల నీటిని వడకట్టే కర్మాగారం కట్టవలసిన పరిస్థితి వచ్చింది. ఖర్చు వందల కోట్ల డాలర్లు. అంతకంటె నీటిని పుట్టినచోటే శుభ్రంగా ఉంచడం చవక అని నగరం తేల్చుకుంది.

మొదట వాళ్ళూ మనలాగే ఆంక్షల జాబితా తయారుచేశారు. ఎగువ పల్లెలు భగ్గుమన్నాయి. ఏళ్ళ తరబడి బేరసారాలయ్యాక 1997 జనవరిలో, మన జీవో 111 వచ్చిన పది నెలలకు, నగరమూ ఎగువ పట్టణాలూ ఒడంబడిక చేసుకున్నాయి. ఇష్టపడి అమ్మేవాళ్ళ దగ్గరే నగరం భూమి కొనాలి. కొన్న భూమికి స్థానిక పన్ను కట్టాలి. ఇళ్ళ మురుగు గుంతలు బాగుచేయించడానికీ, పశువుల పేడ వాగులో కలవకుండా చూడడానికీ రైతుకయ్యే ఖర్చు నగరం భరించాలి. ఆంక్షలు పోలేదు, కాని ఆంక్షతో పాటు చెల్లింపు వచ్చింది.

ఆ ఒడంబడికలో లోపాలు లేవని కాదు. అక్కడా గొడవలు నడిచాయి. పైగా మన రైతుకమతాలు వేరు, మన పురపాలక ఖజానాలు వేరు. అయినా మూలసూత్రం ఒకటే: దిగువవాడి దాహం కోసం ఎగువవాడు వదులుకున్నదానికి ఒక వెల ఉంది, దాన్ని ఎవరో ఒకరు కడతారు. దిగువవాడు కట్టకపోతే ఎగువవాడే కడతాడు. మా చిన్నాయన కూతురి పెళ్ళిలో కట్టాడు.

కొల్లేరు కథలోనూ ఈ ముడే ఉంది. 1999 అక్టోబరులో జీవో 120 ద్వారా +5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో శాసనసభ ఆ గీతను +3కు కుదించాలని తీర్మానించింది. పెద్ద చేపల చెరువుల ఆసాములతో పాటు, గీత లోపల సొంత జిరాయితీ భూములున్న చిన్నరైతులూ ఉన్నారు. వీళ్ళ న్యాయమైన గోడును ముందు పెట్టుకుని వాళ్ళు తమ పని చక్కబెట్టుకోజూశారు. ఇక్కడా, అక్కడా అంతే.

*

చివరికి జరగవలసింది జరిగింది. 2022 ఏప్రిల్ 12న జీవో 69 ద్వారా, నీటి నాణ్యత చెడరాదన్న షరతుతో, జీవో 111లోని ఆంక్షలు ఎత్తివేశారు. నగర అవసరాల్లో ఈ రెండు జలాశయాల వాటా 1.25 శాతం లోపే కనుక వీటి మీద ఆధారపడటం లేదన్నది చెప్పిన కారణం. 2023 మే నెలలో నాటి మంత్రివర్గం 84 గ్రామాలకూ మిగతా నగర శివార్ల నిబంధనలే వర్తింపజేస్తామని ప్రకటించింది. చాలా ఊళ్ళలో టపాకాయలు కాల్చారట. వాళ్ళను తప్పుపట్టే నైతిక హక్కు, ఆ నీళ్ళు తాగి పెరిగిన నాకు లేదు.

కాని ఆ 1.25 శాతం లెక్క గురించి ఒక మాట అనకుండా ఉండలేను. అది తాగునీటి లెక్క. ఈ చెరువులు మొదట కట్టింది దేనికి? 2020 అక్టోబరు వానలకు హిమాయత్‌సాగరు గేట్లెత్తారు. 2025 సెప్టెంబరు చివరి వారంలో రెండు జలాశయాల గేట్లూ ఎత్తితే, మూసీ ఒడ్డునున్న మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నీట మునిగింది. ప్రయాణికులు రాత్రివేళ లోపల చిక్కుకుపోయారు. 1908 వరదకు అటు ఇటుగా అవే తేదీలు. పొలం వాననీటిని కాస్త తాగి, కాస్త ఆపి, మెల్లగా వదులుతుంది. కాంక్రీటు తాగదు, ఆగదు. ఆ లక్షా ముప్పైరెండు వేల ఎకరాల్లో ఎంత నేల కప్పబడితే, గేట్లు అంత తొందరగా ఎత్తవలసి వస్తుంది. 1909లో విశ్వేశ్వరయ్య ఎగువ చెరువులను ఒక్కొక్కటే లెక్కపెట్టింది ఇందుకే. ఆ లెక్కకు శాతాలు లేవు.

చిన్నాయన ఇప్పుడు లేడు. మిగిలిన రెండెకరాలు ఆయన కొడుకు ఇంకా అమ్మలేదు. మంచి ధర పలుకుతోందని మాత్రం అన్నాడు. అమ్మవద్దని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రెండెకరాలను పొలంగా ఉంచినందుకు ఏడాదికింతని నగరం, అంటే నేనూ మీరూ, మన నీటి బిల్లులోంచి కట్టి ఉంటే ఆ మాట చెప్పగలిగేవాణ్ణి. ముప్పయ్యేళ్ళ కింద ఆ జీవోలో లేకపోయిన వాక్యం అదొక్కటే అని నాకనిపిస్తుంది. గీత తప్పు కాదు. గీతకు ఇవతలివాళ్ళం అవతలివాళ్ళకు బాకీ పడ్డామని ఒప్పుకోకపోవడం తప్పు.

మొన్న వానల్లో గండిపేట కట్టమీదికి వెళ్ళాను. నీళ్ళు నిండుగా ఉన్నాయి. అవతలి ఒడ్డున క్రేన్ల దీపాలు వెలుగుతున్నాయి.

మీ ఊరి చెరువుకు నీళ్ళు ఏ ఊళ్ళ మీదుగా వస్తాయో, ఆ ఊళ్ళవాళ్ళు దాని గురించి ఏమనుకుంటున్నారో తెలిస్తే రాయండి. పొరపాట్లుంటే సరిదిద్దగలరు.